వేసవిలో పదికి ఎనిమిది, మంచు మీద పదికి అయిదు: బయాథ్లాన్‌లో తేడా ఎక్కడొస్తోంది?

అరకోచ్

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది ప్రాంతీయ జూనియర్ బయాథ్లాన్ బృందం, వయసు 15 నుంచి 18. బయాథ్లాన్ అంటే స్కీల మీద జారుతూ మధ్యమధ్యలో ఆగి రైఫిల్‌తో లక్ష్యాలు కొట్టే పోటీ. మే నుంచి సెప్టెంబరు దాకా పరుగు బయాథ్లాన్ (స్కీల బదులు పరుగు), మధ్యలో వారానికోసారి రోలర్ స్కీ (రోడ్డు మీద జారే చక్రాల స్కీలు), మంచు పడ్డాక మామూలు శీతాకాలపు పోటీలు. వేసవిలో పది గుండ్లకు ఎనిమిది కొట్టినవాళ్లు మంచు మీద మొదటి రెండు స్ప్రింట్‌లలో (పడుకుని అయిదు, నిలబడి అయిదు గుండ్లు కాల్చే పొట్టి పోటీలు) అయిదు దగ్గర ఆగిపోయారు. ఒకరిద్దరైతే వాళ్ల పొరపాటు అనుకోవచ్చు. అందరూ కట్టగట్టుకుని పడిపోయారంటే తప్పు శిక్షణలోనే ఉందని నా అనుమానం.

రెండు పోటీల్లోనూ చలి మైనస్ 9 దగ్గర. గాలి లేదనే చెప్పాలి. జీరోయింగ్ (పోటీకి ముందు కాల్చి గురి సరిచేసుకోవడం) చక్కగా కుదిరింది, కాగితం మీద గుండ్ల గుంపులు మధ్యలోనే పడ్డాయి. తీరా పోటీలో, స్కోపులోంచి చూస్తే, ప్రోన్‌లో (పడుకుని కాల్చేటప్పుడు) తప్పినవి దాదాపు అన్నీ కిందకే. స్టాండింగ్‌లో (నిలబడి కాల్చేటప్పుడు) ఒక తీరంటూ లేదు గానీ మొదటి గుండే ఎక్కువగా పోతోంది.

వేసవిలో రైఫిల్, రేంజ్ (కాల్చే చోటు) దగ్గర స్టాండులో ఉంటుంది, పిల్లలు ఖాళీ వీపుతో పరిగెడతారు. ఇప్పుడు వీపు మీద మోస్తున్నారు. మ్యాగజైన్లు (రైఫిల్‌కు తగిలించే గుండ్ల డబ్బీలు) వెచ్చటి గదిలో నింపుకుని బయటికొస్తారు.

ప్రోన్‌లో కిందకి ఎందుకు పోతున్నాయి? రేంజ్‌లోకి ఏ వేగంతో రావాలి? వచ్చే వేసవిలో ఏం మార్చాలి? ఈ మూడూ చెప్పండి.

పదకొండో మ్యాట్

అరకోచ్ గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరే రాసేశారు. వెచ్చటి గదిలో నింపిన మ్యాగజైన్లు.

జీరోయింగ్‌లో పిల్లలు కాల్చే గుండ్లు గదిలోంచి అప్పుడే తెచ్చినవో, కోటు లోపలి జేబులో ఉన్నవో అయి ఉంటాయి. పోటీలో కాల్చేవి స్టాక్‌కు (రైఫిల్ పిడి భాగానికి) తగిలించిన మ్యాగజైన్లలో గంటసేపు చలిలో ఉన్నవి. అంటే వెచ్చటి గుండుకు సైట్ (గురి చూసే భాగం) సరిచేసి చల్లటి గుండుతో పోటీకి దిగుతున్నారు.

చలికి మందు నెమ్మదిగా మండుతుంది, సీసం మీది మైనం పూత గట్టిపడుతుంది, వేగం తగ్గుతుంది. పాయింట్ 22 గుండు సెకనుకు 330 మీటర్ల దగ్గర బయల్దేరుతుందనుకోండి. అది 315కి పడితే 50 మీటర్ల దూరంలో సుమారు 11 నుంచి 12 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. ప్రోన్ లక్ష్యం వ్యాసం 45 మిల్లీమీటర్లు, మధ్య నుంచి అంచుకు 22.5. మీ పిల్లల గుంపు 30 మిల్లీమీటర్లే ఉన్నా దాని కింది అంచు బయట పడిపోతుంది. స్టాండింగ్ లక్ష్యం 115 కాబట్టి అక్కడ ఈ తేడా తెలియదు. మీకు ప్రోన్‌లోనే ఒక తీరు కనపడటానికి కారణం అదే.

విరుగుడు సులభం. జీరోయింగ్‌కు 40 నిమిషాల ముందే రైఫిల్, జీరోయింగ్ గుండ్ల డబ్బా, పోటీ మ్యాగజైన్లు మూడూ బయట పెట్టేయండి. మంచు పడకుండా పైన కప్పు ఉంటే చాలు. జీరోయింగ్ గుండ్లు, పోటీ గుండ్లు ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) నంబరువి అయి ఉండాలి. ఒకసారి బయట పెట్టిన రైఫిల్‌ని మధ్యలో "కాసేపు వెచ్చబెడదాం" అని లోపలికి తేవద్దు. చల్లటి లోహం మీద గది తేమ చెమ్మగా పడుతుంది, మళ్లీ బయటికెళ్లగానే అదే మంచుపొర అవుతుంది. సైట్ రంధ్రంలో పడితే కనపడదు, బోల్ట్‌లో (గుండు ఎక్కించి పేల్చే కదిలే భాగంలో) పడితే కదలదు.

నా మాట మీద నమ్మొద్దు, కొలవండి. మైనస్ 8 దగ్గర ఒకరోజు, ఒకే లేన్, ఒకే లాట్, ఒకే షూటర్. 10 గుండ్లు లోపలి జేబులోంచి, 10 గుండ్లు 40 నిమిషాలు బయట ఉన్నవి. క్లిక్ (సైట్‌ని జరిపే మెట్టు) తిప్పొద్దు. రెండు గుంపుల మధ్య బిందువుల తేడాయే మీ రైఫిల్‌కు, మీ లాట్‌కు సరైన అంకె. ఇంకో రైఫిల్‌కు అది పనికిరాదు.

ఒక్క జాగ్రత్త. కిందకి పోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఊపిరి పూర్తిగా వదలకుండా కాల్చడం. ఊపిరి లోపల ఉంటే భుజం పైకి లేస్తుంది, గొట్టం మూతి కిందకి వంగుతుంది. రెంటినీ గుంపు ఆకారం చూసి విడదీయొచ్చు. గుంపు అంతే చిన్నగా ఉండి మొత్తంగా కిందకి జరిగితే గుండ్ల చలి. గుంపు నిలువుగా సాగితే ఊపిరి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు, పిల్లల్లో మామూలుగా ఉంటాయి కూడా.

రెండోశ్వాస

గుండ్ల సంగతి పైన చెప్పినదానికి నేను ఒప్పుకుంటాను. కానీ స్టాండింగ్‌లో మొదటి గుండు పోవడానికి దానితో సంబంధం లేదు. అది ఒంటి అలసట, నిలబడే తీరు సంగతి.

పరుగులో కాళ్లే పనిచేస్తాయి. పిల్ల రేంజ్‌లోకి వచ్చేటప్పటికి చేతులు, భుజాలు తాజాగా ఉంటాయి. మంచు మీద స్కేటింగ్ తీరులో స్కీయింగ్ చేసేటప్పుడు పోల్స్ (చేతి కర్రలు) నెట్టడంతో భుజాలు, వీపు, పొట్ట కండరాలు కూడా అలిసిపోతాయి. దానికి తోడు కనీసం 3.5 కిలోల రైఫిల్ వీపు మీద. నిలబడి కాల్చేటప్పుడు ఆ అలిసిన నడుమే రైఫిల్‌ని మోయాలి. వేసవిలో పిల్లలు ఈ పరీక్ష ఎప్పుడూ రాయలేదు.

రెండోది, ఇది చాలామంది పట్టించుకోరు: బూట్లతో మ్యాట్ మీద నిలబడటం వేరు, స్కీల మీద నిలబడటం వేరు. బూట్లతో అయితే పాదం రెండు డిగ్రీలు తిప్పి సర్దుకుంటారు, తిప్పామని కూడా గుర్తుండదు. స్కీ మీద పాదం ఎటు ఉంటే స్కీ మొత్తం అటే. అందుకే పిల్లలు పాదం కదపకుండా నడుము తిప్పి గురి కలుపుతారు. మొదటి గుండు వరకు కండరం బలవంతంగా పట్టుకుంటుంది, ట్రిగ్గర్ వదిలే క్షణంలో అది సడలి గురి జరిగిపోతుంది. మిగతా నాలుగింటికి ఒళ్లు తెలియకుండానే సర్దుకుంటుంది. మీరు చూస్తున్న "మొదటి గుండు జబ్బు" ఇదే కావచ్చు.

పరీక్ష ఇలా. స్కీలు కట్టుకుని స్టాండింగ్‌లో నిలబడి, గురి చూసి, కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసి వదలాలి. కళ్లు తెరిచేసరికి సైట్ రింగు పక్క లక్ష్యం వైపు జరిగి ఉంటే నిలబడిన తీరు తప్పు. సరిదిద్దాల్సింది చేత్తో కాదు. వెనక స్కీ తోకని ఎత్తి రెండు మూడు సెంటీమీటర్లు జరిపి మళ్లీ చూడాలి. స్కీలు రెండూ కాల్చే గీతకు (మ్యాట్లు వరసగా ఉన్న గీతకు) సమాంతరంగా, భుజాల వెడల్పులో. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనాలి, గాల్లో వేలాడకూడదు.

రేంజ్‌లోకి వచ్చే వేగం గురించి: చివరి 100 నుంచి 150 మీటర్లు తగ్గించండి. ఆగిపోవద్దు. జారే తీరు తేలిక చేసి, పొడవుగా జారుతూ, నోటితో ఊపిరి గట్టిగా వదలడం మీద ధ్యాస పెట్టాలి. మ్యాట్ మీదకి వచ్చాక స్టాండింగ్‌లో మొదటి గుండుకు ముందు నాలుగైదు నిండు ఊపిర్లు. తర్వాత గుండుకు గుండుకు మధ్య రెండు.

అరకోచ్

పదకొండో మ్యాట్ గారూ, మీరు ఊహించింది నిజమే. జీరోయింగ్ గుండ్లు గదిలోంచి తెచ్చినవే. మళ్లీ స్కోపు నోట్సు చూశాను. ఆరుగురి గుంపులు చిన్నగానే ఉండి కిందకి జరిగాయి, ముగ్గురివి నిలువుగా సాగాయి.

ఇంకో సంగతి మొదట రాయలేదు. ఇద్దరి రైఫిళ్లు ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మని ఊరుకున్నాయి, గుండు పేలలేదు. గుండ్లు పాడయ్యాయేమో అనుకుని మార్చాం. వేరే డబ్బాతో కూడా ఒకసారి అలాగే అయింది. రిమ్ (గుండు వెనక అంచు) మీద సూది గుర్తు ఉంది కానీ లోతుగా లేదు.

నూనెచుక్క

గుర్తు ఉండి లోతు లేదంటే గుండ్లది తప్పు కాదు. బోల్ట్ లోపల నూనె గట్టిపడి సూది మెల్లగా కదులుతోంది. వేసవిలో తుప్పు పట్టకుండా రాసిన మామూలు తుపాకీ నూనె చలికి జిగురవుతుంది.

బోల్ట్ విప్పి ఫైరింగ్ పిన్, స్ప్రింగ్ రెండూ ద్రావకంతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఆరబెట్టడం దగ్గరే తొందరపడతారు. ద్రావకం లోపల మిగిలితే అదీ చెమ్మను పట్టుకుంటుంది. తర్వాత బోల్ట్ లోపలి భాగాలు పొడిగా వదిలేయండి, లేదా పొడి గ్రాఫైట్ లేశంగా. బయట రాసుకునే చోట్ల మాత్రం చలికి తగిన పలచటి నూనె, అదీ వేలితో రాసి గుడ్డతో తుడిచేసినంత. నూనె కనపడుతోందంటే ఎక్కువైనట్టే.

స్ప్రింగ్ పాతబడిందేమో కూడా చూడండి. తేలిక దెబ్బకు వేసవిలో పేలే గుండు చలిలో పేలకపోవచ్చు.

పేలని గుండుతో ఏం చేయాలో పిల్లలకు ముందే నేర్పండి. గొట్టం లక్ష్యాల వైపే ఉంచి, కాసేపు ఆగి, బోల్ట్ వెనక్కి లాగి దాన్ని బయటికి తీయాలి. అయిదింటిలో ఒకటి అలా పోతే చేత్తో ఇంకోటి పెట్టుకోవడానికి స్టాక్‌లో విడి గుండ్లు ఉండాలి. చేతి తొడుగుతో విడి గుండు చాంబర్‌లో (గొట్టం వెనక గుండు కూర్చునే చోట) పెట్టడం శిక్షణలో కనీసం 50 సార్లు చేసి ఉండాలి. రిలేలో అందరికీ అదే పని: అయిదు తర్వాత మూడు విడి గుండ్లు, ఒక్కోటి చేత్తోనే.

మంచు మీద పడితే ముందు గొట్టం మూతి చూడాలి. అందులో మంచు దూరి ఉండగా కాల్చడం ప్రమాదం. మూతికి, ముందు సైట్‌కు కప్పులు ఉంటాయి కదా, అవి తెరవడం కూడా మ్యాట్ మీది పనుల వరసలో ఒక పనిగా రావాలి. కప్పు మూసుకునే గురి చూసి "ఏమీ కనపడట్లేదు" అని కంగారుపడే పిల్లలు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

పదకొండో మ్యాట్

రెండోశ్వాస గారితో ఒక చోట విభేదిస్తాను. ప్రోన్‌కూ స్టాండింగ్‌కూ ఒకే మందు వేయకండి.

ప్రోన్‌లో స్లింగ్ (చేతికి కట్టుకున్న కఫ్‌కు తగిలించే పట్టీ) రైఫిల్‌ని పట్టుకుంటుంది, మోచేతులు నేల మీద ఉంటాయి, ఒళ్లు మొత్తం వాలిపోతుంది. అక్కడ గుండె గట్టిగా కొట్టుకుంటున్నా పెద్ద నష్టం లేదు. పడుకుని, కఫ్ తగిలించి, చెంప ఆనించే 15 సెకన్లలో ఊపిరి సగం దారికొస్తుంది. ప్రోన్ కోసం 150 మీటర్ల నుంచే నెమ్మదించడం ఊరికే సమయం పారేసుకోవడం. చివరి 50 మీటర్లు చాలు. స్టాండింగ్‌కు మాత్రం మీరు చెప్పిన 100 నుంచి 150 మీటర్లు న్యాయమే.

లెక్క చూడండి. రేంజ్‌కు వచ్చేటప్పుడు అయిదు సెకన్లు వదిలితే స్ప్రింట్ మొత్తంలో పది సెకన్లు. తప్పిన ప్రతి గుండుకూ తిరగాల్సిన పెనాల్టీ లూప్ 150 మీటర్లు. అగ్రశ్రేణి వాళ్లకే అది 22 నుంచి 25 సెకన్లు, జూనియర్‌కు 30 దాటుతుంది. కాబట్టి స్టాండింగ్‌లో అయిదు సెకన్లు ఇచ్చి ఒక్క గుండు కాపాడుకున్నా గెలుపే. మామూలు ఇండివిడ్యువల్ పోటీలో లూప్ బదులు తప్పుకు పూర్తి నిమిషం కలుపుతారు, అక్కడైతే ఆలోచించనే అక్కర్లేదు.

మరోవైపు, కాల్చే లయను సాగదీసి గుండుకు అయిదారు సెకన్లు పట్టుకుని కూర్చోవడం మందు కాదు. స్టాండింగ్‌లో ఆరు సెకన్లు దాటితే కాళ్లు వణకడం మొదలవుతుంది, కన్ను అలిసి రింగు మసకబారుతుంది. పిల్లలకు ప్రోన్‌లో మూడు నాలుగు సెకన్లకొకటి, స్టాండింగ్‌లో నాలుగు. అంతలో గురి కుదరకపోతే వేలు తీసి, ఒక ఊపిరి తీసి మళ్లీ మొదలెట్టాలి. ఆ "వేలు తీయడం" నేర్పడమే కష్టం. ట్రిగ్గర్ కనీస బరువు 500 గ్రాములు, తొడుగులోని చల్లటి వేలికి అది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. చూపుడు వేలు కొస కత్తిరించిన తొడుగు లేదా ఆ చోట పలచటి గుడ్డ ఉన్నది ఒకసారి ప్రయత్నించండి.

ఇంకోటి, బట్టల మందం. వేసవి చొక్కా మీద సర్దిన బట్‌ప్లేట్ (స్టాక్ చివర భుజానికి ఆనే పలక) శీతాకాలం సూట్, లోపలి పొర కలిసేసరికి పొడవైపోతుంది. తల వెనక్కి జరుగుతుంది, వెనక సైట్‌కూ కంటికీ ఎడం మారుతుంది. బట్‌ప్లేట్ కొన్ని మిల్లీమీటర్లు లోపలికి తెచ్చి, ఆ కొలత టేపు ముక్క మీద రాసి స్టాక్‌కు అతికించండి. వేసవికి ఒక గీత, శీతాకాలానికి ఒక గీత.

రబ్బరుచక్రం

మూడో ప్రశ్న ఎవరూ తీసుకోలేదు కాబట్టి నేను తీసుకుంటాను. నా అభిప్రాయం సూటిగా: పరుగు బయాథ్లాన్ సరదాగా ఉంటుంది, షూటింగ్ వరస నేర్పుతుంది, కొత్తవాళ్లని తెస్తుంది. కానీ మంచుకు సిద్ధం చేయదు. ఆ పని రోలర్ స్కీది. వారానికి ఒకసారి చాలదు.

జూన్ నుంచి వారానికి రెండు, ఆగస్టు నుంచి మూడు రోలర్ స్కీ సెషన్లు పెట్టండి. వాటిలో ఒకటి రైఫిల్ వీపు మీదతో. మొదటి మూడు వారాలు రైఫిల్‌తో 20 నిమిషాలు, తేలిక వేగం. తర్వాత వారానికి 5 నిమిషాలు పెంచుతూ 45 దాకా. హార్నెస్ (రైఫిల్‌ని వీపున మోసే) పట్టీలు బిగువుగా లేకపోతే ప్రతి నెట్టుకూ రైఫిల్ ఎగిరి వీపు మీద కొడుతుంది, పిల్లలు తెలియకుండానే ముందుకు వంగడం మానేసి నిటారుగా స్కీయింగ్ చేస్తారు. పక్క నుంచి వీడియో తీస్తే వెంటనే తెలుస్తుంది. చాలా చోట్ల చిన్న వయసు విభాగాల్లో రైఫిల్ మోయనక్కర్లేదు, కాబట్టి మోసే విభాగంలోకి మారే పిల్లలకే ఈ దెబ్బ మొదట తగులుతుంది.

చక్రాల విషయం. స్కేటింగ్ రోలర్ స్కీలకు వేర్వేరు నిరోధాల చక్రాలు వస్తాయి. బృందం మొత్తానికి ఒకే రకం, మధ్యస్థంగా నెమ్మదైనవి తీసుకోండి. వేగమైన చక్రాలైతే పిల్లలు చమటోడ్చకుండానే దూరం పూర్తి చేసేస్తారు, మంచు మీద ఎక్కువ శక్తి పెట్టాల్సి వచ్చేసరికి ఖంగుతింటారు. రబ్బరు వేడెక్కితే చక్రం వేగంగా తిరుగుతుంది. అందుకే రోడ్డు మీద వచ్చిన సమయాలు ఒకరోజుతో ఇంకోరోజుకు పోల్చొద్దు, గుండె వేగంతో నడిపించండి. చక్రాలు లోపలి అంచున ముందు అరుగుతాయి. ఎడమ కుడి స్కీలు, ముందు వెనక చక్రాలు రెండు వారాలకోసారి మార్చండి. పోల్స్‌కు రోడ్డు కోసం కార్బైడ్ మొనలు కావాలి. మొద్దుబారితే పోల్ జారి భుజానికి దెబ్బ, కాబట్టి డైమండ్ ఫైల్‌తో పదును పెడుతుండాలి. రోలర్ స్కీకి మామూలుగా బ్రేకు ఉండదు. దిగుడు తర్వాత వెంటనే రేంజ్ వచ్చే దారి వాడకండి. హెల్మెట్, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దింపొద్దు.

కలిపి చేసే సెషన్ నాకు నచ్చినది ఒకటి. 6 సార్లు, ఒక్కోటి 6 నిమిషాలు, పోటీ కంటే ఒక మెట్టు తక్కువ తీవ్రతతో, ప్రతిదాని చివర 5 గుండ్లు. ప్రోన్, స్టాండింగ్ మార్చి మార్చి. ప్రతి తప్పుకూ లూప్. మధ్యలో 2 నిమిషాల తేలిక జారుడు. మొదటి మూడింటికి షూటింగ్ సమయం చెప్పొద్దు, తర్వాతి మూడింటికి గడియారం పెట్టండి. అప్పుడు తగిలే గుండ్లు పడిపోతే ఆ పిల్ల గడియారానికి భయపడుతోందని అర్థం, ఊపిరికి కాదు. ఈ తేడా తెలిస్తే ఏం నేర్పాలో తెలుస్తుంది.

ఇంటి దగ్గర డ్రై ఫైర్ (నిజమైన గుండు లేకుండా కాల్చే సాధన): వారానికి నాలుగు రోజులు, 15 నుంచి 20 నిమిషాలు, అంతకు మించొద్దు. గోడ మీద 5 మీటర్ల దూరంలో 11.5 మిల్లీమీటర్ల నల్ల చుక్క అతికిస్తే 50 మీటర్ల దగ్గరి 115 మిల్లీమీటర్ల లక్ష్యం కొలతలోనే కనపడుతుంది. మధ్యలో 4.5 మిల్లీమీటర్ల చిన్న గుండ్రం గీస్తే అదే ప్రోన్. మొదలెట్టేముందు ఆ గదిలో ఒక్క నిజమైన గుండు కూడా ఉండకూడదు, బోల్ట్ తెరిచి ఇద్దరు చూడాలి. చాంబర్ అంచు దెబ్బతినకుండా తయారీదారు చెప్పిన డమ్మీ గుండు పెట్టుకోవాలి.

ఆ 20 నిమిషాల్లో సగం ట్రిగ్గర్ కాదు, వరస. పోల్స్ రెండూ కింద పెట్టాకే రైఫిల్ వీపు నుంచి తీయడం, కప్పులు తెరవడం, గొట్టం లక్ష్యం వైపు ఉంచి మ్యాగజైన్ పెట్టడం, పడుకోవడం, కఫ్ స్లింగ్‌కు తగిలించడం, చెంప, ఊపిరి. అయిపోయాక రైఫిల్ వీపుకెక్కాకే మ్యాట్ వదలాలి. ఈ వరస కళ్లు మూసుకుని చేయగలిగేదాకా. ఆగస్టు నుంచి అదంతా తొడుగులు వేసుకునే చేయించండి, ఎండాకాలమైనా సరే. నవ్వుతారు, నవ్వనివ్వండి. వీలైతే స్కీలు కట్టుకుని పాత దుప్పటి మీద నిలబడి స్టాండింగ్.

గాలిజెండా

అరకోచ్ గారూ, గాలి లేదన్నారు, అదృష్టం. మూడో పోటీలో ఉంటుంది, కాబట్టి ముందే చెప్తున్నా. సెకనుకు 2 మీటర్ల పక్కగాలి గుండుని 12, 13 మిల్లీమీటర్లు తోస్తుంది. 4 మీటర్లయితే 25 దాకా, అంటే ప్రోన్‌లో మధ్యకు కాల్చిన గుండు అంచుకు వెళ్లిపోతుంది. అదీ తిన్నగా పక్కకు కాదు. మామూలు కుడి మెలిక గొట్టంలో (లోపలి గాడులు కుడికి తిరిగేది) కుడి నుంచి వచ్చే గాలి ఎడమకు కాస్త పైకి, ఎడమ నుంచి వచ్చేది కుడికి కాస్త కిందకి తోస్తుంది.

పిల్లలకు ఇంతే నేర్పండి: జీరోయింగ్ ముగిసినప్పుడు రేంజ్‌లోని గాలి జెండా ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాలి. మ్యాట్ మీదకి వచ్చినప్పుడు అలాగే ఉంటే క్లిక్ ముట్టుకోవద్దు. మారితేనే తిప్పాలి. తిప్పింది ఎంతో బయటికి చెప్పుకుంటూ తిప్పాలి, లేకపోతే రెండో ప్రోన్‌కు వచ్చేసరికి ఎక్కడున్నారో మర్చిపోతారు.

అరకోచ్

చాలా ఉపయోగపడింది అందరికీ. బోల్ట్‌లు రేపే కడుగుతాం. గుండ్లు, రైఫిళ్లు బయట పెట్టడం ఈ శనివారం జీరోయింగ్ నుంచే.

ఒక సందేహం. క్లిక్ విలువ పిల్లల్లో ఎవరికీ కచ్చితంగా తెలియదు. పుస్తకంలో రాసినదే నమ్మాలా? ఇంకోటి, ఒకమ్మాయి అయిదో గుండు కాల్చకుండానే మ్యాట్ వదిలి వెళ్లిపోయింది. నాలుగు తగిలాయి కదా, లూప్ ఒకటి తిరిగితే చాలనుకుంది. దాని సంగతి?

పదకొండో మ్యాట్

పుస్తకం పక్కన పెట్టి కొలవండి. ప్రోన్‌లో 5 గుండ్లు, తర్వాత ఒకే వైపు 10 క్లిక్‌లు, మళ్లీ 5 గుండ్లు. రెండు గుంపుల మధ్య దూరాన్ని పదితో భాగిస్తే మీ క్లిక్. పైకీ, పక్కకీ విడివిడిగా చేయండి. తర్వాత 10 వెనక్కి తిప్పి మళ్లీ 5 కాల్చండి. మొదటి గుంపు చోటికి రాకపోతే సైట్‌లో వదులుంది, అది తేలేదాకా ఆ రైఫిల్‌తో పోటీ వద్దు. ఆ అంకె స్టాక్ ఎడమవైపు, పడుకున్నప్పుడు కంటికి కనపడేచోట రాసి పెట్టండి.

అమ్మాయి సంగతి: కాల్చకుండా వదిలేసిన ప్రతి గుండుకూ రెండు నిమిషాలు కలుపుతారు, తిరగాల్సి ఉండి తిరగని ప్రతి లూప్‌కూ అంతే. తప్పైనా సరే కాల్చి వెళ్లడమే చవక. అయిదు బోల్ట్ లాగుడులు బయటికి లెక్కపెట్టుకుంటూ కాల్చమనండి, డ్రై ఫైర్‌లో కూడా.

నూనెచుక్క

శనివారం కడిగిన బోల్ట్‌లతో వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. బయట 40 నిమిషాలు ఉంచాక, గుండు పెట్టకుండా, గొట్టం లక్ష్యం వైపు ఉంచి బోల్ట్ పదిసార్లు లాగి చూడండి. గదిలో ఎలా ఉందో అలాగే సులువుగా వస్తే సరే. చివర్లో కాస్త పట్టేస్తున్నట్టు అనిపిస్తే లోపల నూనె ఇంకా మిగిలి ఉంది. ఆ రైఫిల్‌ని అప్పుడే పక్కన పెట్టేయండి, జీరోయింగ్ మధ్యలో కాదు.